ఎన్_హెచ్‌డీఎల్‌సీ డ్రైవర్‌లో రేస్: లాక్ ఉంది కదా, మరి బఫర్ రెండుసార్లు ఎలా ఫ్రీ అయింది?

#1 రెండోథ్రెడ్

అందరికీ నమస్కారం. 4.4 మొదట్లోనే ఆగిపోయిన ఒక వెండర్ కెర్నల్ ట్రీ ఉంది. సింక్రనస్ సీరియల్ కార్డు కోసం అందులో ఎన్_హెచ్‌డీఎల్‌సీ మాడ్యూల్ (సీరియల్ లైన్ మీద హెచ్‌డీఎల్‌సీ ఫ్రేములు పంపి, అందుకునే కెర్నల్ భాగం) తప్పనిసరి. సీవీఈ-2017-2636 (ఈ మాడ్యూల్‌లో ఒకే బఫర్ రెండుసార్లు ఫ్రీ అయ్యే సెక్యూరిటీ లోపం) ప్యాచ్ మాత్రం అందులో లేదు. పెట్టేముందు అసలు బగ్ ఏంటో తేల్చుకుందామని కోడ్ తీశాను.

కొరుకుడు పడనిది ఇది: పంపాల్సిన ఫ్రేముల్ని పారేసే ఫ్లష్_టీఎక్స్_క్యూ ఫంక్షన్, వెళ్లకుండా మిగిలిన బఫర్‌ని ఉంచే టీబఫ్ ఫీల్డ్‌ని ముట్టుకునే ముందు టీఎక్స్_బఫ్_లిస్ట్ స్పిన్‌లాక్ (దొరికేదాకా తిరుగుతూ ఎదురుచూసే లాక్) తీసుకుంటోంది, ఇంటరప్ట్‌లు కూడా ఆపుతోంది. లాక్ ఉన్నాక ఇంక రేస్ (ఇద్దరు ఒకేసారి ఒకే డేటా మీద పడటం) ఎక్కడిది?

ఇంకో మాట. సెండ్_ఫ్రేమ్స్ ఫంక్షన్ మొత్తానికి అదే లాక్ చుట్టేస్తే రెండు లైన్లలో పని అయిపోదా? మెయిన్‌లైన్ (అసలు లినక్స్ కెర్నల్) ప్యాచ్ చూస్తే లిస్టులన్నీ తిరగరాశారు. అంత మార్పు పాత ట్రీలోకి తేవాలంటే చెయ్యి ఆడట్లేదు.

#2 పెరటితలుపు

లాక్ ఉంది, కానీ ఒకవైపే. వీధి తలుపుకి తాళం వేసి పెరటి తలుపు బార్లా తీసిపెట్టిన ఇల్లు ఇది. ఫ్లష్ లాక్ పట్టుకుని టీబఫ్‌ని చూస్తుంది. సెండ్_ఫ్రేమ్స్ అదే టీబఫ్‌ని లాక్ లేకుండా చదువుతుంది, లాక్ లేకుండానే రాస్తుంది. ఒక్కరు పట్టుకున్న లాక్ ఎవరినీ ఆపదు.

కాగితం మీద రెండు గళ్లు గీసుకుని చూడండి. ముందు పరిస్థితి: ఫ్లో ఆగి ఉంది, ఒక ఫ్రేము బయటికి వెళ్లలేదు, ఆ బఫర్ టీబఫ్ ఫీల్డ్‌లో వేలాడుతోంది. దాన్ని 'క' అందాం.

సీపీయూ 0, సెండ్_ఫ్రేమ్స్: ఫీల్డ్‌లోంచి 'క'ని లోకల్ వేరియబుల్‌లోకి తీసుకుంది. ఫీల్డ్‌ని ఖాళీ చెయ్యలేదు.
సీపీయూ 0: టీటీవై (టెర్మినల్ లేదా సీరియల్ లైన్) డ్రైవర్ రైట్‌ని పిలిచింది. పని నడుస్తోంది.
సీపీయూ 1, ఫ్లష్: లాక్ తీసుకుంది. ఫీల్డ్‌లో 'క' కనిపించింది. టీఎక్స్_ఫ్రీ_బఫ్_లిస్ట్‌లో పెట్టింది. ఫీల్డ్ నల్ చేసింది. లాక్ వదిలింది.
సీపీయూ 0: రైట్ పూర్తయింది. లోకల్‌లో ఉన్న 'క'ని టీఎక్స్_ఫ్రీ_బఫ్_లిస్ట్‌లో పెట్టింది. మళ్లీ!

ఇప్పుడు ఒకే సీటుకి రెండు టికెట్లు. టీటీవై మూసినప్పుడు ఎన్_హెచ్‌డీఎల్‌సీ_రిలీజ్ ఫ్రీ లిస్టులోంచి ఒక్కొక్కటే తీసి కేఫ్రీ చేస్తుంది (మెమరీని వాపసు ఇచ్చేస్తుంది), 'క'కి రెండోసారి కూడా వంతు వస్తుంది. పాత లిస్టు ఇంకా ఘోరం. చివర్లో ఉన్న బఫర్‌నే మళ్లీ చివర చేర్చితే దాని లింక్ దానివైపే తిరుగుతుంది, తన తోక తనే పట్టుకున్నట్టు.

ఇది 2009 జూన్‌లో "బఫర్ ఫ్లష్" సౌకర్యం చేర్చిన కమిట్‌తో వచ్చింది. అంతకుముందు టీటీవై మూసేదాకా టీబఫ్‌ని సెండ్_ఫ్రేమ్స్ ఒక్కటే వాడేది కాబట్టి లాక్ అక్కర్లేదు. రెండో వాడకందారు వచ్చిన రోజు మొదటివాడి కోడ్‌ని ఎవరూ తిరిగి చూడలేదు. 2017 మార్చిలో బయటపడింది.

#3 సీరియల్‌సుబ్బి

మరి టీబిజీ అనే ఫ్లాగ్ ఉంది కదండీ? సెండ్_ఫ్రేమ్స్ మొదట్లోనే లాక్ తీసుకుని టీబిజీ చూసి, ఇప్పటికే 1 ఉంటే ఓక్_అప్‌ని 1 చేసి వెనక్కి వెళ్లిపోతుంది. అది కాపాడట్లేదా?

#4 పెరటితలుపు

సుబ్బి గారూ, టీబిజీ ఆపేది సెండ్‌కీ సెండ్‌కీ మధ్య గొడవని. ఇద్దరు ఒకేసారి ఫ్రేములు తోయకుండా చూస్తుంది. ఫ్లష్ టీబిజీ వైపు కన్నెత్తి చూడదు. రెండు వేర్వేరు కాపలాలు, ఒకరికొకరు పరిచయం లేదు.

రివ్యూలో ఎప్పుడూ తప్పుదారి పట్టించేది ఈ రకం కోడే. స్పిన్‌లాక్ కనిపిస్తుంది, బిజీ ఫ్లాగ్ కనిపిస్తుంది, కళ్లు సర్దుకుపోతాయి. "ఈ ఫంక్షన్‌లో లాక్ ఉందా" అని అడగకూడదు. "ఈ ఫీల్డ్‌ని ముట్టుకునే ప్రతిచోటా అదే లాక్ ఉందా" అని అడగాలి. టీబఫ్ పేరు కోడ్‌లో గ్రెప్ చేసి (వెతికి) ఒక్కో చోటా పక్కన లాక్ పేరు రాసుకుంటే పది నిమిషాల్లో దొరికే బగ్ ఇది.

#5 ప్యాచ్‌పంతులు

రెండోథ్రెడ్ గారి రెండో ప్రశ్నకి వస్తాను. లాక్ మొత్తానికి చుట్టేస్తే మెషిన్ మొదటి ఫ్రేముకే బిగుసుకుపోతుంది. ఎందుకంటే సెండ్_ఫ్రేమ్స్ లోపల ఎన్_హెచ్‌డీఎల్‌సీ_బఫ్_గెట్‌ని పిలుస్తుంది, అది అదే టీఎక్స్_బఫ్_లిస్ట్ స్పిన్‌లాక్‌ని తీసుకుంటుంది. కెర్నల్ స్పిన్‌లాక్ తన చేతిలో ఉన్నదాన్ని తనే రెండోసారి తీసుకోలేదు. తనకోసం తనే ఎదురుచూస్తూ తిరుగుతుంది, అదీ ఇంటరప్ట్‌లు ఆపుకుని. ఫ్లష్‌లో ఈ ఇబ్బంది లేదు, ఎందుకంటే అక్కడ లాక్ లోపల పిలిచేది ఫ్రీ లిస్ట్ పుట్‌ని, దాని లాక్ వేరు.

"సరే, లాక్ లేని గెట్ ఇంకోటి రాస్తా" అంటారేమో. అప్పుడు కూడా టీటీవై రైట్‌ని స్పిన్‌లాక్ పట్టుకుని పిలుస్తున్నట్టే. కింద ఉన్న డ్రైవర్ ఏం చేస్తుందో మీ చేతిలో లేదు. అది రైట్ లోపలి నుంచే టీటీవై_వేకప్ పిలిచిందంటే, వేకప్ తిరిగి సెండ్_ఫ్రేమ్స్‌లోకే వస్తుంది, మొదటి లైన్‌లోనే అదే లాక్. మళ్లీ అదే బిగింపు. అసలు టీబిజీ, ఓక్_అప్ జంట పుట్టిందే ఈ తిరుగు పిలుపు కోసం.

పక్కవాడి కోడ్‌లోకి వెళ్లే పిలుపుని మన స్పిన్‌లాక్ కింద పెట్టకూడదు. డ్రైవర్ రేస్‌లు సరిచేయబోయి డెడ్‌లాక్‌లు తెచ్చుకునేది ఎక్కువగా ఇక్కడే.

#6 కొత్తబిట్

అయితే ఇలా చేస్తే? సెండ్‌లో టీబఫ్‌ని మామూలుగా చదవకుండా ఎక్స్‌చేంజ్ వాడి, ఒకే అటామిక్ అడుగులో పాత విలువ తీసుకుని నల్ పెట్టెయ్యడం. ఫ్లష్‌లో కూడా అంతే. ఎవరి చేతికి 'క' వస్తే వాళ్లదే, రెండోవాళ్లకి నల్ వస్తుంది. లాక్ గొడవే లేదు.

#7 ప్యాచ్‌పంతులు

బాగుంది. నిజంగా పనిచేస్తుంది. తీసుకోవడం, ఖాళీ చెయ్యడం విడదీయలేని ఒకే పని అయింది కాబట్టి 'క' ఒకరి చేతిలోనే ఉంటుంది. పంపడం కుదరనప్పుడు తిరిగి ఫీల్డ్‌లో పెట్టేది సెండ్ ఒక్కటే, టీబిజీ వల్ల ఆ సెండ్ కూడా ఒక్కటే, కాబట్టి ఇంకొకరు పెట్టినదాని మీద రాసే ప్రమాదం లేదు.

అయినా నేను దాన్ని ఎంచుకోను. టీబఫ్ అనేది బఫర్ దాక్కునే ఐదో చోటు. నాలుగు లిస్టులున్నాయి, వాటికి నాలుగు లాక్‌లున్నాయి. ఈ ఒక్క ఫీల్డ్‌కి వేరే నియమం అంటే, రేపు ఇంకెవరో ఇంకో ఫంక్షన్ చేర్చినప్పుడు 2009 కథే మళ్లీ. మెయిన్‌లైన్ ప్యాచ్ ఆ చోటునే తీసిపారేసింది. పంపాల్సిన బఫర్ ఎప్పుడూ టీఎక్స్_బఫ్_లిస్ట్ నుంచే తీస్తారు. పంపలేకపోతే ఎన్_హెచ్‌డీఎల్‌సీ_బఫ్_రిటర్న్ అనే కొత్త ఫంక్షన్ దాన్ని అదే లిస్టు తలకాయ దగ్గర పెడుతుంది. ఏ క్షణంలో చూసినా బఫర్ ఒక లిస్టులో ఉంటుంది, లేదా ఒక్క ఫంక్షన్ చేతిలో ఉంటుంది.

రిటర్న్‌లో లిస్ట్_యాడ్ వాడాలి, లిస్ట్_యాడ్_టెయిల్ కాదు. తోక దగ్గర పెడితే ఫ్రేముల వరస తారుమారవుతుంది. క్రాష్ ఏమీ ఉండదు, అవతలివైపు ప్రోటోకాల్ మాత్రం పిచ్చిపిచ్చిగా మళ్లీ పంపమని అడుగుతూ ఉంటుంది. వెతకడానికి వారం పడుతుంది.

#8 సీరియల్‌సుబ్బి

ఒక అనుమానం. సెండ్ చేతిలో 'క' ఉన్నప్పుడు ఫ్లష్ వచ్చి లిస్టు ఖాళీ చేసి వెళ్లిందనుకోండి. తర్వాత రైట్ కుదరక సెండ్ 'క'ని లిస్టులో తిరిగి పెట్టింది. ఫ్లష్ తర్వాత కూడా ఒక పాత ఫ్రేము మిగిలిపోయినట్టే కదా?

#9 పెరటితలుపు

మిగులుతుంది. ఆ ఫ్రేము తర్వాత బయటికి వెళ్తుంది కూడా. కానీ ఫ్లష్ కంటే ఒక్క క్షణం ముందే అది బయటికి వెళ్లిపోయి ఉంటే కూడా ఫలితం అదే. అప్లికేషన్‌కి ఈ రెండింటికీ తేడా తెలిసే దారి లేదు. మెమరీ పాడవడం వేరు, ఒక ఫ్రేము ఎక్కువ వెళ్లడం వేరు. ఇది కూడా వద్దంటే ఫ్లష్ కౌంటర్ ఒకటి పెట్టి, రిటర్న్ సమయానికి అది మారిందేమో చూసి ఫ్రీ లిస్టులో వెయ్యొచ్చు. సెక్యూరిటీ ప్యాచ్‌లో ఆ పని కలపొద్దు.

#10 వాచ్‌డాగ్_వాసు

తీవ్రత గురించి ఎవరూ అనలేదు. హెచ్‌డీఎల్‌సీ కార్డు లేని మెషిన్ మీద కూడా ఇది ప్రమాదమే. మామూలు యూజర్ సూడోటెర్మినల్ (హార్డ్‌వేర్ లేని ఉత్తుత్తి టెర్మినల్) తెరిచి, దాని లైన్ డిసిప్లిన్‌ని (టీటీవై మీద డేటాని నడిపించే పద్ధతి) ఎన్_హెచ్‌డీఎల్‌సీ నంబరైన 13కి మార్చమని ఐఆక్టిల్ (పరికరానికి ఆదేశమిచ్చే సిస్టమ్ కాల్) పిలిస్తే చాలు, కెర్నల్ తనంతట తనే మాడ్యూల్‌ని లోడ్ చేస్తుంది. చాలా డిస్ట్రోలు దీన్ని మాడ్యూల్‌గా ఇచ్చేవి. బఫర్ డేటా 4096 బైట్లు, పైన హెడర్ ఉంది, కాబట్టి ఒక్కోటి కేమలాక్-8192 (8192 బైట్ల మెమరీ ముక్కల గుంపు)లోకి వెళ్తుంది. తెరవగానే పంపడానికి 3, అందుకోవడానికి 10, మొత్తం 13 బఫర్లు.

అప్పటి స్లబ్ అలొకేటర్ (కెర్నల్‌లో మెమరీ పంచే భాగం) ఒకే చిరునామాని వరసగా రెండుసార్లు ఫ్రీ చేసినా కిక్కురుమనేది కాదు. 4.14లో ఫ్రీలిస్ట్ హార్డెనింగ్ కింద ఒక చిన్న తనిఖీ వచ్చింది. అదీ వెంటవెంటనే చేస్తేనే పట్టుకుంటుంది, మధ్యలో ఇంకో ఆబ్జెక్ట్ ఫ్రీ అయితే దాటిపోతుంది. ఆ తనిఖీ రాసిందీ, ఈ బగ్ పట్టుకుని సరిచేసిందీ ఒకరే, అలెగ్జాండర్ పొపోవ్.

ప్యాచ్ పెట్టేలోపు కార్డు లేని మెషిన్లలో మోడ్‌ప్రోబ్.డీ (మాడ్యూల్ లోడింగ్ సెట్టింగుల ఫోల్డర్)లో "ఇన్‌స్టాల్ ఎన్_హెచ్‌డీఎల్‌సీ /బిన్/ట్రూ" అని ఒక లైను. బ్లాక్‌లిస్ట్ లైను మారుపేరుతో వచ్చే ఆటోలోడ్‌నే ఆపుతుంది, ఇన్‌స్టాల్ లైను పేరుతో మోడ్‌ప్రోబ్ చేసినా ఆపుతుంది. ఇప్పటికే లోడ్ అయి ఉంటే ఈ లైను ఏమీ చెయ్యదు, ఆర్ఎమ్‌మోడ్‌తో మాడ్యూల్‌ని తీసెయ్యాలి. కెర్నల్‌లోనే బిల్ట్-ఇన్ అయి ఉంటే ఇదంతా దండగ.

#11 రెండోథ్రెడ్

మా దగ్గర మాడ్యూల్ వాడకంలోనే ఉంటుంది కాబట్టి ప్యాచే గతి. సరే, పరీక్ష ఎలా? ప్యాచ్ ముందు బగ్ కనిపించాలి, తర్వాత కనిపించకూడదు. మామూలుగా నడిపితే ఆ కిటికీ ఎప్పటికి దొరుకుతుందో!

#12 వాచ్‌డాగ్_వాసు

క్యూఎమూ (వర్చువల్ మెషిన్)లో కనీసం 2 సీపీయూలు ఇవ్వండి, కాసాన్ (మెమరీ తప్పులు పట్టే కెర్నల్ టూల్) ఆన్ చేసి కెర్నల్ కట్టండి. కిటికీ కోసం అదృష్టాన్ని నమ్ముకోవద్దు. టెస్ట్ బిల్డ్‌లో మాత్రం, సెండ్_ఫ్రేమ్స్ లోకల్ టీబఫ్ తీసుకున్న తర్వాత, రైట్ పిలిచే ముందు, 100 మైక్రోసెకన్ల యూడిలే పెట్టండి. లేని రేస్‌ని డిలే పుట్టించదు, ఉన్నదాన్ని బయటికి లాగుతుంది.

టీబఫ్‌లో బఫర్ నిలవాలంటే ముందు ఫ్లో ఆపాలి: టీసీఎక్స్ఓఎన్‌సీ ఐఆక్టిల్‌తో అవుట్‌పుట్ ఆపి ఒక ఫ్రేము రాస్తే, సూడోటెర్మినల్ రైట్ 0 తిరిగి ఇస్తుంది, బఫర్ టీబఫ్‌లో కూర్చుంటుంది. తర్వాత రెండు థ్రెడ్లు, ఒక్కోదాన్నీ ఒక్కో సీపీయూకి కట్టేసి: ఒకటి అవుట్‌పుట్‌ని తిరిగి నడిపించాలి, రెండోది టీసీఎఫ్ఎల్ఎస్‌హెచ్‌తో ఫ్లష్ చెయ్యాలి. ప్రతి చుట్టులో టీటీవైని మూసి మళ్లీ తెరవండి. ఇది మర్చిపోతే కాసాన్ గంటలకొద్దీ మౌనంగా ఉంటుంది, ఎందుకంటే తప్పు లిస్టులో జరుగుతుంది, ఫ్రీ మాత్రం మూసినప్పుడే. రిపోర్టు డబుల్-ఫ్రీ పేరుతోనే రావాలని లేదు. ఫ్రీ అయిన బఫర్ లింక్‌ని చదివే చోట యూజ్-ఆఫ్టర్-ఫ్రీ అని కూడా పడొచ్చు.

లాక్‌డెప్ మీద ఆశ పెట్టుకోకండి. తీసుకున్న లాక్‌ల క్రమం తప్పితే అది చెప్తుంది. తీసుకోని లాక్ గురించి దానికేం తెలుసు?

#13 కొత్తబిట్

కేసీశాన్ (డేటా రేస్‌లు వెతికే కెర్నల్ టూల్) అయితే పట్టుకోదా?

#14 వాచ్‌డాగ్_వాసు

పట్టుకుంటుంది, కానీ అది 5.8లో వచ్చింది, 4.4లో లేదు. పనిచేసే తీరు ఇది: మెమరీ యాక్సెస్‌ల్లో కొన్నింటి మీద వాచ్‌పాయింట్ పెట్టి, మామూలు టాస్క్‌లో డిఫాల్ట్‌గా 80 మైక్రోసెకన్లు ఆగి, ఈలోపు ఇంకెవరైనా అదే చోటుని ముట్టుకున్నారా అని చూస్తుంది. ఫ్లష్ లాక్ కింద రాస్తుంటే సెండ్ లాక్ లేకుండా చదవడం దానికి దొరికిపోతుంది. క్రాష్ అక్కర్లేదు, టీటీవై మూయక్కర్లేదు.

ఒక ఉచ్చు మాత్రం ఉంది. కేసీశాన్ అరిచింది కదా అని టీబఫ్ చదివేచోట రీడ్_వన్స్, రాసేచోట రైట్_వన్స్ చుట్టేస్తే అది నోరు మూసుకుంటుంది. బగ్ అక్కడే ఉంటుంది. పైన #2లో గీసిన నాలుగు అడుగులూ అలాగే జరుగుతాయి, ప్రతి చదువూ ప్రతి రాతా పద్ధతిగా జరుగుతాయంతే. డేటా రేస్ (రక్షణ లేకుండా ఒకేసారి చదవడం, రాయడం) వేరు, రేస్ కండిషన్ (అడుగుల వరసని బట్టి ఫలితం తప్పడం) వేరు. టూల్ మౌనాన్ని ప్యాచ్‌కి ఆమోదం అనుకున్న రివ్యూలు చాలానే ఉంటాయి.

#15 కొత్తబిట్

కొంచెం పక్కకి వెళ్తున్నా, మన్నించండి. ఇలాంటిదే క్యారెక్టర్ డ్రైవర్లలో: ఒక ప్రాసెస్ ఐఆక్టిల్‌లో ఉండగా యూఎస్‌బీ పరికరం పీకేస్తే రిమూవ్ వచ్చి స్ట్రక్చర్‌ని ఫ్రీ చేస్తుంది. అక్కడ ఏ లాక్ పెట్టాలి?

#16 పెరటితలుపు

అక్కడ ముందు కావాల్సింది లాక్ కాదు, లెక్క. స్ట్రక్చర్ ఎవరెవరి చేతిలో ఉందో కేరెఫ్ (కెర్నల్ రిఫరెన్స్ కౌంటర్) లెక్కపెట్టాలి. ఓపెన్‌లో ఒకటి పెంచు, రిలీజ్‌లో ఒకటి తగ్గించు, ప్రోబ్ (పరికరం దొరికినప్పుడు నడిచే ఫంక్షన్) తన వాటా ఒకటి ఉంచుకుని రిమూవ్‌లో వదులుతుంది. ఆఖరివాడు వదిలినప్పుడే కేఫ్రీ. డెవ్ఎమ్_కేజెడ్అలాక్‌తో ఇచ్చిన మెమరీని ఇక్కడ వాడారో, డ్రైవర్ విడిపోగానే అది పోతుంది, ఫైల్ డిస్క్రిప్టర్ తెరిచి ఉన్నా సరే. సౌకర్యంగా ఉంటుందని వాడి ఇరుక్కునేది దీంట్లోనే. సీడెవ్_డెల్ కొత్త ఓపెన్‌లని ఆపుతుంది, ఇప్పటికే తెరిచినవాటిని కదిలించదు.

లెక్క కుదిరాక లాక్. "పరికరం పోయింది" అనే ఫ్లాగ్, దానికో రీడ్-రైట్ సెమాఫోర్. ప్రతి ఫైల్ ఆపరేషన్ రీడ్ వైపు పట్టుకుని ఫ్లాగ్ చూసి, పోయి ఉంటే ఈనోడెవ్ (పరికరం లేదనే ఎర్రర్) ఇచ్చి వెనక్కి వెళ్లాలి. రిమూవ్ రైట్ వైపు పట్టుకుని ఫ్లాగ్ ఎత్తాలి. ఐఆక్టిల్ లోపల డేటా కోసం నిద్రపోయేవాళ్లుంటే సెమాఫోర్ వదిలి నిద్రపోవాలి, లేచాక ఫ్లాగ్ మళ్లీ చూడాలి, రిమూవ్ వాళ్లని లేపాలి. లేకపోతే రిమూవ్ రైట్ వైపు కోసం ఎదురుచూస్తూ అక్కడే ఉండిపోతుంది.

వర్క్ (తర్వాత చెయ్యమని క్యూలో పెట్టిన పని), టైమర్ ఉంటే ఇంకో తిరకాసు. టైమర్ వర్క్‌ని పెట్టి, వర్క్ టైమర్‌ని మళ్లీ పెడుతుంటే ఏది ముందు ఆపినా రెండోది దాన్ని బతికిస్తుంది. 6.2 నుంచి టైమర్_షట్‌డౌన్_సింక్ ఉంది, దాని తర్వాత ఎవరు పెట్టినా టైమర్ లేవదు. ముందు అది, తర్వాత క్యాన్సిల్_వర్క్_సింక్.

#17 సీరియల్‌సుబ్బి

లైన్ డిసిప్లిన్లవైపే ఉంటే, ఎన్_జీఎస్ఎమ్ (జీఎస్ఎమ్ మోడెమ్‌ల లైన్ డిసిప్లిన్)లో సీవీఈ-2023-6546 కూడా చూడండి. రెండు థ్రెడ్లు ఒకే టీటీవై మీద సెట్‌కాన్ఫ్ ఐఆక్టిల్ పిలిస్తే, మక్స్ (ఒకే లైన్ మీద చాలా ఛానెళ్లు నడిపే భాగం) తిరిగి మొదలయ్యే సమయంలో డీఎల్‌సీఐ (ఒక్కో ఛానెల్) స్ట్రక్చర్ ఫ్రీ అయ్యాక వాడకం. ఇంటిపేరు అదే. అందుకే 5.1లో వచ్చిన డెవ్.టీటీవై.ఎల్‌డిస్క్_ఆటోలోడ్ సిస్‌కంట్రోల్‌ని 0 చెయ్యడం మంచి అలవాటు. మాడ్యూల్ లోడ్ చేసే అధికారం లేని ప్రాసెస్ కోసం కెర్నల్ ఇంక లైన్ డిసిప్లిన్ మాడ్యూల్‌ని తేదు.

#18 రెండోథ్రెడ్

మెయిన్‌లైన్ ప్యాచ్‌ని మా పాత ట్రీలోకి బ్యాక్‌పోర్ట్ చేశాను. నాలుగు లిస్టులనీ కెర్నల్ లిస్ట్_హెడ్‌కి మార్చాను, టీబఫ్ ఫీల్డ్ తీసేశాను, రిటర్న్ ఫంక్షన్ లిస్ట్_యాడ్‌తో రాశాను, రిలీజ్‌లో టీబఫ్ కేఫ్రీ లైను కూడా తీసేశాను. కంపైల్ అయింది. మాడ్యూల్ లోడ్ అయింది. డిసిప్లిన్ 13కి మార్చగానే నల్ పాయింటర్ ఊప్స్ (కెర్నల్ క్రాష్ రిపోర్టు), ఎన్_హెచ్‌డీఎల్‌సీ_బఫ్_పుట్ లోపల.

#19 ప్యాచ్‌పంతులు

అలాక్ ఫంక్షన్‌లో ఇనిట్_లిస్ట్_హెడ్ మర్చిపోయారు. పాత లిస్టుకి కేజెడ్అలాక్ ఇచ్చే సున్నాలే ఖాళీ అని అర్థం. లిస్ట్_హెడ్‌కి ఖాళీ అంటే తనవైపు తనే చూపడం, సున్నా కాదు. ఆర్ఎక్స్_ఫ్రీ, టీఎక్స్_ఫ్రీ, ఆర్ఎక్స్, టీఎక్స్, నాలుగింటికీ పెట్టాలి, బఫర్లు కేటాయించే లూప్‌కి ముందు.

పోల్ ఫంక్షన్ కూడా చూడండి. పాత కోడ్ లిస్టు హెడ్ నల్ కాదా అని చూసేది, దాన్ని లిస్ట్_ఎంప్టీతో మార్చాలి. ఫియాన్‌రీడ్, టీఐఓసీఅవుట్‌క్యూ ఐఆక్టిల్స్‌లో మొదటి బఫర్‌ని తీసే చోట లిస్ట్_ఫస్ట్_ఎంట్రీ_ఆర్_నల్ పెట్టండి. మామూలు లిస్ట్_ఫస్ట్_ఎంట్రీ పెడితే ఖాళీ లిస్టు మీద చెత్త పాయింటర్ వస్తుంది, కంపైలర్ ఏమీ అనదు.

టెస్ట్ బిల్డ్‌లో డీబగ్_లిస్ట్ కూడా ఆన్ చెయ్యండి. పాత చేతిరాత లిస్టుకి లేని లాభం ఇది: పక్కనే ఉన్న ఎంట్రీని మళ్లీ చేర్చబోతే "లిస్ట్_యాడ్ డబుల్ యాడ్" అని అక్కడికక్కడే చెప్తుంది, టీటీవై మూసేదాకా ఆగదు.

#20 రెండోథ్రెడ్

ఇనిట్ పెట్టాక లేచింది. పోల్, ఐఆక్టిల్స్ మార్చాను. డిలే పెట్టిన టెస్ట్ బిల్డ్‌లో ప్యాచ్ లేకుండా రెండో నిమిషానికే కాసాన్ రిపోర్టు పడింది, ఎన్_హెచ్‌డీఎల్‌సీ_బఫ్_గెట్‌లో యూజ్-ఆఫ్టర్-ఫ్రీ, పిలిచింది రిలీజ్. ప్యాచ్‌తో అదే టెస్ట్ రాత్రంతా నడిచింది, ఏమీ లేదు. డిలే లైను తీసేసి, ఫ్రేముల వరస తప్పట్లేదని లూప్‌బ్యాక్‌లో నంబర్లు వేసి చూశాను, సరిగ్గానే వస్తున్నాయి.

#21 ప్యాచ్‌పంతులు

డిలేని ప్యాచ్ ఉన్న బిల్డ్‌లో కూడా అదే చోట, అంటే లిస్టు నుంచి తీశాక రైట్‌కి ముందు, పెట్టే నడిపారు కదా? అలా అయితే ఆ ఫలితానికి విలువ ఉంది. కమిట్ సందేశంలో #2లోని రెండు సీపీయూల అడుగుల్ని యథాతథంగా పెట్టండి, ఫిక్సెస్ ట్యాగ్ (ఏ కమిట్ తప్పుని సరిచేస్తున్నామో చెప్పే లైను)లో 2009 కమిట్ హ్యాష్ మొదటి 12 అక్షరాలు రాయండి, మెయిన్‌లైన్ ప్యాచ్ రచయిత పేరు అలాగే ఉంచి మీ సైన్డ్-ఆఫ్ కింద చేర్చండి.

#22 రెండోథ్రెడ్

అవునండీ, అదే చోట పెట్టి నడిపాను. సందేశం మార్చి పంపిస్తున్నాను.